ఇంటర్ ఫిజిక్స్ పోయినవాడికి ఏసీ పని వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ ఫిజిక్స్‌లో రెండుసార్లు తప్పాడు. రెండు వేసవులుగా మా వీధిలో ఏసీ మెకానిక్ దగ్గరికి వెళ్తున్నాడు. సర్వీసింగ్, గ్యాస్ ఫిల్లింగ్ వచ్చేశాయంటాడు. ఐటీఐలో చేర్పిద్దామంటే, అక్కడ కూడా వేడి, ఉష్ణోగ్రత, పీడనం అంటూ మళ్లీ ఫిజిక్సే చెబుతారట. వాడికి ఎక్కుతుందా? లేక పనిలోనే ఉంచేయమంటారా?
- ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ఐటీఐలో చేర్పించండి. అడ్మిషన్ల రోజుల్లో పొడుగు ఉత్తరాలు చదివే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి ఈ మాట ముందే చెప్పేశాను. తీరిక ఉంటే మిగతాది మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. పాత ఆర్-22 ఏసీ (ఆర్-22 అనేది లోపల తిరిగే చల్లబరిచే గ్యాస్ పేరు). ఒక ఏప్రిల్లో గది చల్లబడటం మానేసింది, బయటి యూనిట్ దగ్గర లావు పైపు మీద మంచు పేరుకుంది. వచ్చిన మెకానిక్ గేజ్, అంటే పీడనం చూపే మీటర్ తగిలించాడు. 70 దగ్గర ఉండాల్సిన ముల్లు 50 పీఎస్‌ఐ (పీడనం కొలత) దగ్గర ఉంది. 'గ్యాస్ అయిపోయింది సార్' అని నింపి, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. పది రోజులకు మళ్లీ మంచు, ముల్లు మళ్లీ అక్కడే.

రెండోసారి ఇంకొక కుర్రాడు వచ్చాడు. అతనూ గేజ్ చూశాడు, కానీ అక్కడితో ఆగలేదు. లావు పైపుకి ఒక క్లాంప్ థర్మామీటర్ బిగించి రెండు నిమిషాలు ఊరుకున్నాడు. మైనస్ 2 డిగ్రీలు చూపించింది. 'ఇది గ్యాస్ తక్కువ కేసు కాదండీ, లోపల గాలి ఆడటం లేదు' అన్నాడు. ఫిల్టర్ మేమే కడుగుతుంటాం కదా అన్నాను. దాని వెనక కాయిల్ (గ్యాస్ తిరిగే పైపుల చుట్ట) సందుల్లో, బ్లోయర్ రెక్కల మీద దుమ్ము మందంగా పట్టి ఉంది. కడిగాడు. ముందటి మనిషి ఎక్కువగా నింపిన గ్యాస్‌ని గాలిలోకి వదిలేయకుండా రికవరీ సిలిండర్‌లోకి తీసుకున్నాడు. ఆ వేసవి అంతా మళ్లీ ఎవర్నీ పిలవలేదు.

ఇద్దరూ చూసింది ఒకే ముల్లు. రెండో అతనికి తెలిసిందల్లా ఇంతే: 50 పీఎస్‌ఐ దగ్గర ఆర్-22 దాదాపు మైనస్ 3 డిగ్రీల వద్ద మరుగుతుంది. పైపు మైనస్ 2 దగ్గర ఉంది, అంటే తేడా ఒక్క డిగ్రీ. ద్రవం పూర్తిగా ఆవిరైపోయి, ఆ తర్వాత ఇంకాస్త వేడెక్కి ఉంటే పైపు అంతకంటే బాగా వెచ్చగా ఉండాలి. అలా లేదు కాబట్టి ద్రవం సగం మరిగీ మరగకుండానే బయటికి వచ్చేస్తోంది. అంటే దాన్ని మరిగించాల్సిన గది వేడి కాయిల్‌కి అందడం లేదు. నిజంగా గ్యాసే తక్కువైతే ఉన్న కాస్తా కాయిల్ మొదట్లోనే ఆవిరైపోయి, మిగతా దూరమంతా వేడెక్కుతూ వచ్చేది. పైపు పది పదిహేను డిగ్రీలు ఎక్కువ చూపించేది. మరిగే ఉష్ణోగ్రతకీ పైపు ఉష్ణోగ్రతకీ ఉన్న ఈ తేడాను పనివాళ్లు సూపర్‌హీట్ అంటారు. అన్నట్టు, ఏసీలో గ్యాస్ 'అయిపోవడం' ఏమిటి, అది పెట్రోలా? లీకు లేకపోతే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఆ మాట అన్నవాడు లీకు ఎక్కడో వెతకాలి కదా.

ఐటీఐలో మీ అబ్బాయికి నేర్పేది ఈ రెండో అతని పని. ఇంటర్ ఫిజిక్స్‌తో పోలిస్తే ఇది ఒక మూల. కరెంటు పాఠమూ కావాలనుకోండి, మీరు అడిగింది వేడి గురించి కాబట్టి అక్కడే ఉంటాను.

మొదట వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అన్నది మనసుకి పట్టాలి. దీపావళికి కాకరపువ్వొత్తి కాలుస్తాం. దాని రవ్వలు వెయ్యి డిగ్రీలు దాటి ఉంటాయి. చేతి మీద పడితే చురుక్కుమంటుంది, అంతే. స్నానానికి కాచిన నీళ్లు 60 డిగ్రీలే, చెంబుడు మీద పడితే చర్మం ఊడుతుంది. రవ్వలో ఉష్ణోగ్రత ఎక్కువ, కానీ అంత చిన్న ముక్కలో దాచుకున్న వేడి ఎంతని? థర్మామీటర్ చెప్పేది ఉష్ణోగ్రత ఒక్కటే. ఎంత వేడి ఉందో తెలియాలంటే ఎంత పదార్థం, ఏ పదార్థం అన్నవి కూడా చూడాలి.

ఈ పనికి ప్రాణం మాత్రం తర్వాతి సంగతి. ఒక కిలో నీళ్లను 30 డిగ్రీల నుంచి 100కి తేవడానికి 70 కిలోకేలరీలు చాలు. ఆ మరుగుతున్న నీళ్లు మొత్తం ఆవిరి కావడానికి మరో 540 కావాలి. అంతసేపూ పొయ్యి మండుతూనే ఉంటుంది, థర్మామీటర్ మాత్రం 100 దగ్గరే నిలబడుతుంది. ఆ వేడంతా ఆవిరిలో దాక్కుంటుంది. పుస్తకంలో గుప్తోష్ణం అనే పేరు చూసి భయపడతారు గానీ, రోజూ అన్నం వండే ఇంట్లో ఇది కొత్తేమీ కాదు.

ఏసీలో నీళ్ల బదులు ఆర్-32 లాంటి ద్రవం. మామూలు వాతావరణ పీడనంలో అది సుమారు మైనస్ 52 డిగ్రీలకే మరుగుతుంది. పీడనం పెరిగితే మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది; లోపలి కాయిల్లో పీడనాన్ని బాగా పెంచి ఉంచుతారు కాబట్టి 5 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ ద్రవానికి 28 డిగ్రీల మీ గదే పొయ్యి. గదిలోంచి వేడి లాక్కుని ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి బయటి ఎండకంటే వేడిగా చేస్తుంది, అప్పుడు ఆ వేడి బయటి గాలిలోకి పోయి ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది. ఎక్కడా వేడి చల్లటి దాంట్లోంచి వేడి దాంట్లోకి తనంతట తాను పోలేదు చూడండి.

వ్యాక్యూమ్ పెట్టడం, అంటే పంపుతో పైపుల్లోని గాలి లాగేయడం కూడా ఇదే పాఠం. కొత్తగా బిగించిన పైపుల్లో తేమ ఉంటే, పంపు పెట్టి పీడనాన్ని 30 మిల్లీమీటర్ల పాదరసం దాకా దించేసరికి నీళ్లు గది వేడికే మరిగిపోతాయి. ఇంకా కిందికి లాగితే తేమ పూర్తిగా పోతుంది. ఇది తెలియనివాడు రెండు నిమిషాలు పంపు తిప్పి 'అయిపోయింది' అంటాడు.

లెక్కల్లో ఒక గోతి ఉంది, మంచివాళ్లు కూడా పడతారు. 10 డిగ్రీల సెల్సియస్ చల్లదనం అంటే 50 డిగ్రీల ఫారెన్‌హీట్. కానీ 10 డిగ్రీల సెల్సియస్ తేడా అంటే 18 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా. తేడాకు 32 కలపకూడదు. కంపెనీ చార్టులో సూపర్‌హీట్ ఫారెన్‌హీట్‌లో ఉండి, చేతిలో థర్మామీటర్ సెల్సియస్‌ది అయితే ఇక్కడే కొంప మునుగుతుంది. టన్ను సంగతి కూడా చెప్పి పెట్టండి. అది ఏసీ బరువు కాదు. అమెరికా టన్ను, అంటే 907 కిలోల ఐసు, 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి తీసుకుంటుందో ఆ వేగం. గంటకు 12,000 బీటీయూ (వేడికి ఇంగ్లిష్ కొలత), మన లెక్కలో సుమారు 3,024 కిలోకేలరీలు.

ఇక చదువు. ట్రేడ్ పేరు రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్, రెండేళ్లు, పదో తరగతి పాసైతే చాలు. మీవాడి ఇంటర్ ఫలితంతో పనిలేదు. తర్వాత అప్రెంటిస్‌షిప్ చేయవచ్చు, కావాలంటే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో లేటరల్ ఎంట్రీకి దారి ఉంది. మీ జిల్లాలో, భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లు ఉన్నాయి, గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. పెద్ద ప్లాంట్లలో అమ్మోనియా వాడతారు. అక్కడ గేజ్ చదవడం రానివాడిని దగ్గరికి రానివ్వరు, రానివ్వకూడదు కూడా.

చేర్పించే ముందు ఆ ఐటీఐ వర్క్‌షాప్‌కి ఒకసారి వెళ్లి చూడండి. వ్యాక్యూమ్ పంపు, నైట్రోజన్ సిలిండర్, క్లాంప్ థర్మామీటర్ పిల్లల చేతికి అందేలా ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా? ఇంకొకటి, మీ వీధి మెకానిక్ లీక్ టెస్ట్ దేనితో చేస్తాడో అబ్బాయిని అడగండి. ఆక్సిజన్ అని చెబితే రేపటి నుంచి పంపకండి. కంప్రెసర్ ఆయిల్‌కి ఆక్సిజన్ తగిలితే పేలుతుంది, ప్రాణాలు పోతాయి. నైట్రోజనే వాడాలి. ఆర్-32కి కూడా కొంచెం మండే గుణం ఉంది, కాబట్టి పాత అలవాటుగా బ్రేజింగ్ (పైపులు అతికే) మంట దగ్గర పెట్టుకుని గ్యాస్ వదలడం కుదరదు.

వాడికి ఎక్కుతుందా అని అడిగారు కదా, మార్కులు చూసి నేను చెప్పలేను. ఈ ఆదివారం ఒక పని చేయించండి. మీ ఇంట్లో గానీ, సర్వీసుకు వెళ్లిన ఇంట్లో గానీ ఏసీ డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి, గంటలో ఎన్ని నీళ్లు కారాయో కొలవమనండి. కాకినాడ ఉక్కలో బాగానే కారతాయి. గాలిలో తేమ నీళ్లుగా మారినప్పుడు లీటరుకు సుమారు 580 కిలోకేలరీలు వదులుతుంది, ఆ వేడినీ ఏసీయే మోయాలి. టన్ను ఏసీలో గంటకు లీటరు కారితే, దాని శక్తిలో దాదాపు ఐదో వంతు గదిని చల్లబరచడానికి కాకుండా తేమ తీయడానికే పోయిందన్నమాట. అనంతపురంలో బాగా పనిచేసే ఎయిర్ కూలర్ మీ ఊళ్లో ఎందుకు పనికిరాదో కూడా ఈ బకెట్ దగ్గరే ఆలోచించమనండి. లెక్క తప్పినా పర్లేదు. 'నాన్నా, రాత్రి మళ్లీ కొలుద్దాం, అప్పుడు ఎక్కువ వస్తాయేమో' అన్నాడంటే ఇక ఫిజిక్స్ గురించి మీకు టెన్షన్ అక్కర్లేదు.

బకెట్ పెట్టే ముందు ఏసీని అరగంట నడవనివ్వండి. మొదట్లో పట్టే నీళ్లు కాయిల్ తడవడానికి, ట్రే నిండటానికే సరిపోతాయి.