సీరియల్ అయిపోయిన మర్నాడు

కోడలు పిల్లా,

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. పిల్ల అన్నం సరిగ్గా తినట్లేదు, ఎవరెవరో తిట్టినవి చదువుకుంటూ కూర్చుంటోంది, నువ్వైనా చెప్పవే అన్నాడు. ఫోన్లో చెప్తే రెండో మాటకే "అది కాదత్తా" అని అడ్డం పడతావు, అందుకే రాస్తున్నా. మొత్తం చదివి, అప్పుడు అడ్డం పడు.

నువ్వు రాసిన సీరియల్ ఆఖరి ఎపిసోడ్ చూశాను. వడపళనిలో పని సగంలో వదిలేసి ఆటో ఎక్కి మరీ వచ్చి చూశాను. బాగాలేదే. మరీ చెత్తగా లేదు కానీ, పెళ్లిలో చివరి బంతికి వడ్డించినట్టుంది. అప్పడాలు అయిపోయాయి, పప్పులో నీళ్లు ఎక్కువయ్యాయి, వడ్డించేవాళ్లు గడియారం చూసుకుంటున్నారు. నీకు మూడు వారాలు టైమిచ్చి ముగించమన్నారని తెలుసు. ఆరు నెలలు నడవాల్సిన కథని పద్దెనిమిది ఎపిసోడ్లలో కుక్కావు, నీ చోట ఎవరున్నా అంతే చేస్తారు. కానీ ఆ సంగతి చూసేవాళ్లకి తెలియదు, తెలియక్కర్లేదు కూడా. హోటల్లో ఇడ్లీ గట్టిగా ఉంటే, పొద్దున గ్రైండర్ పాడైందండీ అని సర్వర్ చెప్పే కథ మనం వింటామా? అందుకని, ఛానెల్ వాళ్లు ఇలా అన్నారు, స్లాట్ అలా పోయింది అని ఎవరికీ చెప్పుకోకు. చెప్పుకున్నకొద్దీ చులకనవుతావు, పైగా రేపు ఆ ఛానెల్‌కే మళ్లీ పని చెయ్యాలి.

నా సంగతి నీకు సగమే తెలుసు. తమిళంలో "చిత్తి" అని వచ్చింది తెలుగులో "పిన్ని"గా జెమినిలో ఇంటింటా ఆడుతున్న రోజుల్లో, మద్రాసులో కోడంబాక్కం, సాలిగ్రామం చుట్టుపక్కల తెలుగు నాలుగు ముక్కలు రాయడం వచ్చిన ప్రతివాళ్లకీ డబ్బింగ్ పని దొరికేది. నేనూ అలా దూరాను. పెదవులు కలిసిన చోట ప, బ, మ పడాలి, అదొక్కటే సూత్రం. "వణక్కం" అంటే "నమస్కారం", చివర సున్నా దగ్గర పెదవులు బుద్ధిగా కలుస్తాయి, బతికిపోతాం. ఏడుపు సీన్లలో ముక్కు ఎక్కడ చీదుతుందో లెక్క చూసుకుని ఆ చోట మాట పెట్టకూడదు, అది తెలిసేసరికి నాకు ఏడాది పట్టింది. సరే, అసలు సంగతికొస్తా.

ఒక సీరియల్, పేరు చెప్పను, తమిళంలో ఇంకా రెండొందల ఎపిసోడ్లు మిగిలుండగా తెలుగులో మాత్రం వచ్చే శుక్రవారానికి అయిపోవాలన్నారు. ఎలా అయిపోతుంది? పాత సీన్లలోంచి నవ్వుతున్న ముఖాలు ఏరి వరసగా పేర్చి, వాటిమీద నాలుగు నిమిషాల వాయిస్ ఓవర్ రాయమన్నారు. రాశాను. అందులో ఒక మూగపిల్ల ఉంది, దానికి ఆపరేషన్ చేయిస్తానని పెదనాన్న మాటిస్తాడు. ఆ పిల్ల నవ్వుతున్న షాట్ ఒక్కటీ దొరకలేదు, అందుకని వాయిస్ ఓవర్‌లో దాని ఊసే ఎత్తలేదు. ఇంత దారుణం చేశాను నేను, చేతులారా.

ఆ రోజు పక్క పోర్షన్‌లో పెద్దావిడతో కలిసి చూశాను. నెల్లూరు వైపు మనిషి, అరవై ఏళ్లుగా మద్రాసులోనే. రాసింది నేనని ఆవిడకి తెలియదు. అయిపోయాక కాసేపు అలాగే కూర్చుని, "ఏమ్మా, ఆ మూగపిల్ల ఏమైనట్టు?" అంది. నాకేం తెలుసండీ అన్నాను. మర్నాడు ఎనిమిదింటికి వాళ్ల గిన్నె తిరిగివ్వడానికి వెళ్తే, అదే కుర్చీలో, అదే భంగిమలో టీవీ ముందు కూర్చునుంది. కొత్త సీరియల్ మొదటి ఎపిసోడ్ వస్తోంది, సౌండు బాగా తగ్గించి పెట్టింది. "వీళ్లెవరో నాకు తెలీదమ్మా, టైమైందని కూర్చున్నా" అంది. ఆ తర్వాత ఒక నెల పాటు మెట్ల దగ్గర కనబడినప్పుడల్లా, "ఆపరేషన్ చేయిస్తామన్నారుగా" అనేది, నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు.

ఇన్నేళ్లలో ఆఖరి ఎపిసోడ్ల మీద నేను విన్న తిట్లలో సగం ఆ కుర్చీలోంచి వచ్చినవే. రోజూ ఇంటికొచ్చే మనిషి రావడం మానేస్తే వచ్చే కోపం అది. నిన్నటిదాకా "సాగదీస్తున్నారు, ముగించండ్రా బాబూ" అన్నవాళ్లే ఇవాళ "ఇంత తొందరగా ఎందుకు ముగించారు" అంటారు, రెండూ నిజంగానే అంటారు, నవ్వకు. దానికి నువ్వు చేయగలిగింది లేదు. స్వర్గంలోంచి దేవతలు దిగొచ్చి రాసినా ఆ కుర్చీ అలాగే ఉంటుంది. రెండో సగం మాత్రం "చేయిస్తామన్నారుగా" అనే రకం. అది మనం పడ్డ బాకీ. వాళ్లు అడుగుతున్నది న్యాయం.

కాబట్టి మూడు రోజులు ఏమీ చదవకు. ఫోన్ మీ అమ్మకిచ్చెయ్. నాలుగో రోజు ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని, అప్పుడు చదువు, చదివేటప్పుడు ఒకటే చూడు: తిట్టేవాళ్లు నీ కథలోంచి ఏదైనా వస్తువుని గానీ, మాటని గానీ, ఒక సీన్‌ని గానీ పట్టుకున్నారా లేదా. పట్టుకుంటే రాసుకో, లేకపోతే వదిలెయ్. "వరస్ట్", "టైమ్ వేస్ట్", "దరిద్రం", ఇవన్నీ ఊపిరి వదలడం లాంటివి. "సూపర్", "ఏడిపించేశారు మేడమ్" కూడా అంతే, అవీ రాసుకోకు, వాటివల్ల నీకు ఒక్క సీన్ కూడా మెరుగుపడదు. ఎవరో ఒకావిడ, శ్రావణమాసం ఎపిసోడ్లో హీరోయిన్ తల్లి తన గాజులు తాకట్టు పెట్టింది కదా, వాటిని విడిపించినట్టు ఎక్కడా చూపించలేదేమి, చివరి రోజు చేతికి మళ్లీ అవే గాజులు ఎలా వచ్చాయి అని అడిగిందట, మీ నాన్న చెప్పాడు. వాడు నవ్వుతూ చెప్పాడు గానీ నాకు ఒళ్లు జలదరించింది. నీ సీరియల్‌ని నీకన్నా శ్రద్ధగా చూసిన మనిషి ఆవిడ. ఆ ఒక్క ప్రశ్న కోసం మిగిలిన వెయ్యి తిట్లూ పడొచ్చు.

ఇంకోటి, నెట్‌లో రాసేవాళ్లు మాత్రమే ప్రేక్షకులనుకోకు. మొన్న మురుగన్ గుడి దగ్గర నేను పూలు కొనే ఆవిడ ఉంది కదా, తాతల నాడు చిత్తూరు నుంచి వచ్చిన కుటుంబం, తెలుగు చదవడం రాదు గానీ తెలుగు సీరియళ్లు వదలదు. మూర కొలుస్తూ కొలుస్తూ నీ సీరియల్ గురించి అంది కదా, "అత్త చేత తప్పయిందని చెప్పించినారు, బాగానే ఉండాది. అయితే ఎక్కడ చెప్పింది? వంటింట్లో. తిట్టింది పందిట్లో కదమ్మా, నలుగురి ముందర." నేను డబ్బులిచ్చి చిల్లర తీసుకోవడం కూడా మర్చిపోయాను. పందిట్లో పడ్డ మాటని పందిట్లోనే ఎత్తుకోవాలి, ఇది నువ్వూ నీ డైరెక్టరూ ఎపిసోడ్ డిస్కషన్‌లో పట్టుకోలేనిది, మల్లెపూలు మూర వేస్తూ ఆవిడ పట్టేసింది. (సెట్ ఖర్చు తగ్గించడానికి వంటింట్లో తీశారు, నాకు తెలుసు. గ్రైండర్ కథ గుర్తుందిగా.) అందుకే నువ్వూ టైలర్ దగ్గరికో, బ్యూటీ పార్లర్‌కో వెళ్లి ఓ గంట కూర్చో. నువ్వు ఎవరో చెప్పకు. ఊరికే, "ఆ సీరియల్ అయిపోయిందటగా" అను, చాలు.

గురువారం వచ్చే టీఆర్పీతో ఇవన్నీ సరిపోల్చాలని చూస్తావేమో, చూడకు. ఎవరు ఏం చూశారో లెక్కపెట్టే మీటర్లు పెట్టిన ఇళ్లు ఏవో మనకి తెలియవు, తెలియనివ్వరు. నీమీద అరిచేవాళ్లు వేరు, మీటర్లున్నవాళ్లు వేరు, ఆ కుర్చీలో పెద్దావిడ ఈ రెండిట్లోనూ లేదు.

మళ్లీ తీయమని, చచ్చిపోయినవాళ్లని బతికించమని అడిగేవాళ్లుంటారు. వాళ్ల జోలికి పోకు. నీకంటే పెద్దవాళ్లకే ఈ గతి పట్టింది. "కార్తీకదీపం"లో దీపనీ డాక్టర్ బాబునీ చంపేసి పిల్లల కథ నడపబోతే జనం ఒప్పుకున్నారా? నెలల్లోనే ఇద్దరూ వెనక్కొచ్చారు. 2017 అక్టోబర్లో మొదలైనదాన్ని 2023 జనవరిలో ముగించారు, అయినా ఏడాది తిరిగేసరికి 2024లో రెండో భాగమని మళ్లీ మొదలు. జనానికి కావాల్సింది కథ కాదు, ఆ ఇద్దరూ రోజూ కనబడటం. అది ఛానెల్ చూసుకునే వ్యాపారం, తప్పేం లేదు, కానీ రాసేవాళ్ల చేతిలో ఉండే నిర్ణయం కాదు. అమెరికాలో 2019లో "గేమ్ ఆఫ్ థ్రోన్స్" చివరి సీజన్ మొత్తం మళ్లీ తీయమని పదిహేను లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారట, ఎవరూ మళ్లీ తీయలేదు. 2007లో "ది సోప్రానోస్" ఆఖరి ఎపిసోడ్లో సీన్ మధ్యలోనే తెర చటుక్కున నల్లబడి ఆగిపోతే చాలామంది కేబుల్ పోయిందనుకున్నారని మా వాడు చెప్పి ఒకటే నవ్వు. మన దగ్గరైతే ముందు ఇన్వర్టర్ చూసేవాళ్లు, తర్వాత కేబుల్ అబ్బాయిని తిట్టేవాళ్లు, రాసినవాళ్ల దాకా వచ్చేసరికి రెండు రోజులయ్యేది. నీ విషయంలో ఆ అదృష్టం లేదు, అన్నీ స్పష్టంగానే కనబడ్డాయి.

అన్నట్టు, అత్త వేషం వేసిన ఆవిడకి ఫోన్ చేశావా? నీకు పడ్డవాటికంటే ఆవిడకి ఎక్కువ పడుంటాయి, కూరగాయల కొట్టు దగ్గర కూడా వదలరు. నువ్వు రాసిన మాటలకి ఆవిడ తిట్లు తింటోంది. ఇవాళే చెయ్యి. తిట్ల స్క్రీన్‌షాట్లు డైరెక్టర్‌కి పంపడం కూడా మానుకో, ఆయన ఈపాటికి వేరే సీరియల్ పైలట్‌లో ఉంటాడు, నిన్ను చూస్తేనే భయపడేలా చేసుకోకు.

జవాబు రాయాలనిపిస్తే ఒక్కరికే రాయి, ఆ గాజులావిడకి. "మీరు చెప్పింది నిజమేనండీ, మర్చిపోయాం" అని రెండే ముక్కలు. క్షమించండి, అర్థం చేసుకోండి అంటూ సాగదీస్తే మళ్లీ ఇడ్లీ కథ అవుతుంది. నోట్‌బుక్‌లో మాత్రం మొదటి పేజీలో ఆ గాజులు రాసి పెట్టుకో, రెండో పేజీలో పందిరి. కొత్త సీరియల్ మొదలుపెట్టేటప్పుడు ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారో, ఎవరు ఏ వస్తువు ఎక్కడ పెట్టారో ఎపిసోడ్ నంబరుతో సహా అందులోనే రాసుకుంటూ పో. మూడు వారాల్లో ముగించమని మళ్లీ అంటారు, తప్పకుండా అంటారు. అప్పుడు ఏ సీన్లు వదిలేయాలో నీకేమీ తోచదు, ఆ నోట్‌బుక్ తీస్తే ముందు ఏ బాకీలు తీర్చాలో తెలుస్తుంది. నా మూగపిల్ల విషయంలో నాకు ఒక్క వాక్యం చాలుండేది. వాయిస్ ఓవర్లో "ఆపరేషన్ అయింది, పిల్ల మొదటిసారి పెదనాన్నని పిలిచింది" అంటే ఎనిమిది సెకన్లు. షాట్ లేకపోతేనేం, మాట వినబడేదిగా.

పొంగల్‌కి రా. మీ నాన్ననీ తీసుకురా, వాడు సాలిగ్రామం వచ్చి మూడేళ్లయింది. వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకురా, నా దగ్గరా కొన్ని ఉన్నాయి రాసుకోవడానికి. ఇంతకీ అడగడం మర్చిపోయా, ఆ గాజులు నీ లెక్కలో ఎవరు విడిపించారే? అల్లుడా, పిల్లా? రెండు రోజుల నుంచి అదే ఆలోచిస్తున్నా.

మీ అత్త,
సాలిగ్రామం