సింధుకి, ల్యాబ్‌లో అడుగుపెట్టే ముందు

సింధూ,

పీహెచ్‌డీకి పీటెన్ ప్రొటీన్‌ని ఎంచుకున్నావట, ఎండోమెట్రియల్ క్యాన్సర్ (గర్భాశయం లోపలి పొరలో వచ్చేది) పాకకుండా అదెలా ఆపుతుందో చూస్తావట. మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఒకపక్క సంతోషం, ఒకపక్క టెన్షన్. మీ అమ్మమ్మని తీసుకుపోయిన జబ్బు మీద మనింటి పిల్ల పనిచేస్తుందంటే నాకెంత గర్వమో నీకు తెలియదు.

మామూలు సంగతులు నీకు ఎలాగూ చెబుతారు. కణాలు చేతికి రాగానే అవి నిజంగా ఆ కణాలేనా అని డీఎన్ఏ పరీక్ష చేయించు, కణాల్లో చేరే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా ఉందేమో చూడు, నోట్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయి.

నేను రాయాలనుకున్నది వేరే. పీటెన్‌ని తయారుచేసే జన్యువు 1997లో బయటపడింది. పిప్3 అనే కొవ్వు అణువు నుంచి పీటెన్ ఒక ఫాస్ఫేట్‌ని తీసేస్తుంది, దాంతో కణాన్ని పెరగమని, చావకుండా ఉండమని చెప్పే ఏకేటీ సంకేతం తగ్గిపోతుంది. అంటే పీటెన్ ముందు పెరుగుదలనే అదుపు చేస్తుంది. చిక్కంతా ఇక్కడే వస్తుంది.

మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవారు, చాలా తెలివైన మనిషి. పీటెన్ పనిచేయని ఇషికావా కణాల్లోకి (ల్యాబ్‌లో పెంచే ఎండోమెట్రియల్ క్యాన్సర్ కణాలు) మంచి పీటెన్‌ని తిరిగి పంపారు. డిష్‌లో కణాల పొర మీద గీత గీసి, అది ఎంత త్వరగా పూడుతుందో చూశారు. మర్నాటికి మామూలు డిష్‌లో గీత పూడిపోయింది, పీటెన్ ఉన్నదాంట్లో ఖాళీ అలాగే ఉంది. 'కణాలు కదలడం మానేశాయి' అని అందరం సంబరపడ్డాం. పేపర్ కూడా సిద్ధమైంది. చివర్లో ఎవరో కణాల్ని లెక్కపెట్టమన్నారు. చూస్తే పీటెన్ ఉన్న డిష్‌లో కణాలే తక్కువ! అవి మామూలుగానే కదులుతున్నాయి, కాకపోతే గీత పూడ్చడానికి సరిపడా లేవు. పైగా ఆయన పెట్టిన పీటెన్ సహజంగా ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఏ ప్రొటీన్‌ని అంత కుక్కినా కణం నీరసిస్తుంది. పేపర్ ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన ఆ విషయం మళ్ళీ ముట్టుకోలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

అందుకే ప్రతి డిష్‌లో కణాల్ని లెక్కపెట్టు. విభజన ఆపే మందు వేసి కూడా ఒకసారి గీత గీయి. ఒక్కో కణాన్ని వీడియోలో వెంబడించు. పీటెన్ మోతాదుని మామూలు ఎండోమెట్రియంలో ఉండేంతకు తెచ్చుకో. జీ129ఈ, సీ124ఎస్ అనే మ్యుటెంట్లని, అంటే ఒక్కో చోట మార్పు చేసిన పీటెన్‌లని, పోల్చి చూసుకోవడానికి తోడుగా ఉంచుకోకుండా మొదలుపెట్టకు. మొదటిది కొవ్వు మీద పని పోగొట్టుకుని ప్రొటీన్ల మీద పని నిలుపుకుంటుంది, రెండోదానికి రెండూ పోతాయి. పాకడాన్ని ఆపేది ఏ పనో ఆ తేడాలోనే తెలుస్తుంది.

ఇంకొకటి గట్టిగానే చెబుతున్నా, కోప్పడకు. పీటెన్ పోవడం ఈ జబ్బులో చాలా తొలిదశలోనే జరుగుతుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే ఎండోమెట్రియం గ్రంథుల్లో కూడా పోయి ఉండొచ్చు. ఈ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకం ఎండోమెట్రియాయిడ్; పీటెన్ లేని ఆ కణితుల్లో చాలావరకు గర్భాశయం దాటవు. త్వరగా పాకే సీరస్ రకంలోనేమో ఎక్కువగా దెబ్బతినేది కణితులు రాకుండా కాపాడే పీ53 అనే మరో ప్రొటీన్, పీటెన్ చాలాసార్లు బాగానే ఉంటుంది. కాబట్టి 'పీటెన్ పోతే పాకుతుంది' అని తేలిగ్గా రాయొద్దు తల్లీ. ఏ రకం కణితిలో, ఏ దశలో, దానితోపాటు ఇంకేం పోయాక అన్నది నీ ప్రశ్న కావాలి. ఆ మాట చదివి ఆశపడే రోగులుంటారు.

ఫలితం రాని రోజుల్లో ఒక్కదానివే కుమిలిపోకు, ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్యి. మొదటి ప్రయోగం ప్లాన్ రాయగానే పంపు, ఎర్ర పెన్నుతో కూర్చుంటాను.

మీ అమ్మమ్మ నెలసరి ఆగిపోయిన ఎన్నో ఏళ్ళకి రక్తం కనిపిస్తే, ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. గర్భాశయం దాటకముందే దొరికితే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఐదేళ్ళు దాటి బతికే జబ్బు ఇది. మీ అమ్మకి కూడా నెలసరి ఆగిపోయింది కదా. ఒక్క చుక్క కనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలని నువ్వే చెప్పు. నేను చెబితే మాట మార్చేస్తోంది.

మీ పెద్దమ్మ