నన్ను తప్పు నుంచి తప్పించిన తోటి సిస్టర్‌కి ముఖం చూపించలేకపోతున్నా

ప్రశ్న: మేడమ్, నేను నెల్లూరులో స్టాఫ్ నర్సుని. పన్నెండేళ్ల సర్వీసు, రెగ్యులర్ పోస్టు. రెండేళ్ల కిందట మా వార్డులో కాంట్రాక్టు మీద ఒకమ్మాయి చేరింది, ఉదయగిరి పక్క పల్లె. నన్ను అక్కా అంటుంది. నిజం చెప్పాలంటే మొదట్లో మేం సీనియర్లమంతా ఆమె మాటతీరు చూసి, క్యారియర్‌లో తెచ్చుకునే సంగటి చూసి నవ్వుకునేవాళ్లం. ఏప్రిల్‌లో ఒక నైట్ డ్యూటీలో ఒక పెద్దాయనకు పదింటికి 20 యూనిట్ల ఇన్సులిన్ వేయాలి. అది వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా, మిల్లీలీటరుకు 100 యూనిట్లది. మా దగ్గర ఎప్పుడూ 40దే వాడతాం కాబట్టి అలవాటు కొద్దీ ఎర్ర మూత సిరంజి తీసి 20 గీత దాకా లాగేశా. సూది వేయబోతుంటే ఈ అమ్మాయి వచ్చి, "అక్కా, స్టాక్ రూమ్ తాళం పడటం లేదు, ఒక్క నిమిషం వస్తారా" అంది. విసుక్కుంటూనే పోయా. లోపలికి పోయాక మెల్లగా "అక్కా, ఆ సీసా వందది" అంది. నా కాళ్లు వణికాయి. ఇప్పటిదాకా ఆమె ఎవరికీ చెప్పలేదు. మే 12న నర్సెస్ డే రోజు ఉత్తమ నర్సు అని నాకు షీల్డ్ ఇచ్చారు, ముందు నిలబడి చప్పట్లు కొట్టింది ఆ అమ్మాయే. అప్పట్నుంచి ఆమెను చూడలేక ఇన్‌ఛార్జి సిస్టర్‌కి ఏదో చెప్పి మా ఇద్దరికీ కలిపి డ్యూటీ పడకుండా చేసుకున్నా. మా ఆయన "అది ఆమె డ్యూటీయే కదా, నువ్వు నోరు తెరిస్తే నీ మీదికే వస్తుంది, గమ్మునుండు" అంటాడు. ఒక మంచి చీర కొనిచ్చేస్తే నా మనసు తేలికవుతుందా? సరిగా నిద్ర పట్టడం లేదు.

జవాబు: చీర సంగతి తర్వాత చూద్దాం. ఆ షీల్డ్ ఎక్కడుందో నేను చెప్పనా? హాల్లో టీవీ పక్కన మాత్రం ఉండదు, బీరువాలో దుప్పట్ల కింద ఉంటుంది. తప్పయితే నవ్వుకోండి.

మీకు కృతజ్ఞత లేదని మీరు భయపడుతున్నట్టున్నారు, కానీ అది లేనివాళ్లు ఇంత పొడుగు ఉత్తరం రాయరు. మీకున్నది సిగ్గు. అప్పిచ్చినాయన ఎదురొస్తున్నాడంటే పక్క సందులోకి తిరిగిపోతాం చూడండి, ఆయన అడగకపోయినా, అసలు ఆయనకు గుర్తు లేకపోయినా సరే. మీరు చేసింది అదే, కాకపోతే సందులోకి తిరగకుండా డ్యూటీ చార్టే తిప్పేశారు. పన్నెండేళ్ల సర్వీసులో మీరు చెయ్యి జారిన ఒక్క నిమిషాన్ని చూసిన మనిషి ఆమె, ఆ మనిషి కనిపిస్తే ఆ నిమిషమే కనిపిస్తోంది మీకు.

ఇప్పుడు ఇదే కథను ఆ అమ్మాయి వైపు నుంచి చదవండి. ఏప్రిల్‌లో అక్కని ఆపింది. మే నుంచి అక్క మాట్లాడటం లేదు, జూన్ చార్టులో ఇద్దరికీ కలిసి డ్యూటీ లేదు. మీ మనసులో ఏముందో ఆమెకేం తెలుసు? సీనియర్ చెయ్యి ఆపినందుకు అక్కకి కోపం వచ్చిందనే అనుకుంటుంది, ఆమె స్థానంలో నేనున్నా అదే అనుకుంటా. కాంట్రాక్టు ఉద్యోగం, రెన్యువల్ టైమ్‌లో ఎవరు ఏం చెప్తారోనన్న బెంగ ఎప్పుడూ ఉండేదే. రేపు ఇంకో సీనియర్ ఇంకో సిరంజి తప్పుగా తీస్తే ఆమె ఈసారి తాళం పడటం లేదని వస్తుందా, లేక మనకెందుకులే అని తల తిప్పుకుంటుందా? మీ నిద్ర సంగతి కంటే నాకు ఇదే ఎక్కువ టెన్షన్. మీరు మాట్లాడకపోవడం ఆమెకొక పాఠం చెప్తోంది, ఆ పాఠం ఖరీదు చెల్లించేది మంచం మీదున్న మనిషి.

మీకు తెలియనిది కాదు గానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం లెక్క చెప్తా. ఎర్ర మూత సిరంజి 40 యూనిట్ల ఇన్సులిన్‌కి, నారింజ రంగు మూతది 100 యూనిట్ల దానికి. ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే అర మిల్లీలీటరు వస్తుంది. సీసా 40దైతే అది సరిగ్గా 20 యూనిట్లే, అదే సీసా 100దైతే 50 యూనిట్లు. చూడటానికి రెండూ ఒకటే, నీళ్లలాంటి మందు, అదే గీత. రాత్రి పదింటికి రెండున్నర రెట్ల ఇన్సులిన్ పడితే తెల్లవారుజామున ఏ మూడింటికో సుగర్ పడిపోతుంది, ఆ టైమ్‌లో పేషెంటు నిద్రపోతున్నాడో స్పృహ తప్పాడో దూరం నుంచి చూస్తే తెలియదు.

ఆమె చేసిన పనిని నేను పైన ఒక్క ముక్కలో "ఆపింది" అనేశాను. కాస్త ఆగి చూడండి. అది ఆమె మంచం కాదు, మీ మంచం. తన పేషెంట్ల పని తనకుండగా, పక్క మంచం దగ్గర ట్రేలో ఉన్న సీసా మీది అంకెను, మీ చేతిలోని మూత రంగును, రెండిటినీ కలిపి ఒక్క చూపులో పట్టుకుంది. పని మీద పట్టు అంటే అదే కదా. ఆ తర్వాత చేసింది నాకు ఇంకా నచ్చింది. "అక్కా అది తప్పు" అని అక్కడే అరిచి ఉంటే తప్పు ఆగేదే, కానీ పక్కనున్న ఆయన కొడుకో కోడలో లేచి నిలబడేవాళ్లు, ఒకరు ఫోన్ తీసేవాళ్లు, ఆ ముసలాయన ఇంక ఆ వార్డులో ఎవరు సూది వేసినా వణుకుతూనే వేయించుకునేవాడు. దాన్నంతా ఒక అబద్ధపు తాళంతో తప్పించింది. మిమ్మల్నే కాదు, పేషెంటు నమ్మకాన్ని కూడా కాపాడింది. ఇది ఏ జీఎన్ఎం నర్సింగ్ కోర్సు పుస్తకంలోనూ రాయరు. ఆమె సంగటి గురించి నవ్వుకున్న వార్డులో ఆమె చూపించిన మర్యాద ఇది.

మా నాన్న గురించి ఒకటి చెప్తా, విషయం దాటిపోతున్నా అనుకోకండి. ఆయనది కందుకూరు దగ్గర పల్లె, పొగాకు వేసిన చేతులు, ఒట్టి ఎముకలు. ఒంగోలులో ఒక ఆసుపత్రిలో చేర్చినప్పుడు సెలైన్ పెట్టడానికి నరం దొరక్క ఇద్దరు పొడిచి పొడిచి వదిలేశారు. మూడో అమ్మాయి వచ్చి ముందు సూది ముట్టుకోలేదు. "తాతా, ఏ చేత్తో అన్నం తింటావు?" అని అడిగింది. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడాయన. కుడిచేయి వదిలేసి ఎడమచేతిని మంచం పక్కకి కిందికి వేలాడదీయించి, వేడినీళ్లలో పిండిన గుడ్డ చుట్టి రెండు నిమిషాలు ఆగి, చర్మాన్ని కిందికి లాగి పట్టుకుని నీలం రంగు క్యానులా ఒక్కసారికే దించేసింది. ఆ నాలుగు రోజులూ నాన్న తన కుడిచేత్తో తనే కలుపుకుని తిన్నాడు. ఇంటికొచ్చాక పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లకీ ఆ ప్రశ్న సంగతే చెప్పాడు, ఆపరేషన్ చేసిన డాక్టర్ పేరు కూడా చెప్పలేదు. ఆ అమ్మాయికి మాత్రం ఆ మాట ఎవరం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. డిశ్చార్జ్ రోజు బిల్లు, మందుల కవర్లు, ఆటో, ఆ హడావిడిలో కౌంటర్ దగ్గర ఆమె కనిపిస్తే తలూపి వచ్చేశా. అందుకే మిమ్మల్ని తిట్టే హక్కు నాకు పెద్దగా లేదు.

మీ ఆయన మాటకొద్దాం. "డ్యూటీయే కదా" అన్నాడు. మీ ఆయన చేపల పులుసు తిని బాగుందంటాడో అనడో నాకు తెలీదు, అనకపోతే దానికి ఇంకో ఉత్తరం రాయండి. డ్యూటీ కాబట్టి మెచ్చుకోనక్కర్లేదు అనుకుంటే ప్రపంచంలో ఎవరినీ మెచ్చుకోనక్కర్లేదు. కానీ "నీ మీదికే వస్తుంది" అన్న భయాన్ని నేను కొట్టిపారేయను. ఆయన మీ ఉద్యోగం గురించి భయపడుతున్నాడు, అందులో తప్పు లేదు. మందు పేషెంటు ఒంట్లోకి పోలేదు, ఎవరికీ హాని జరగలేదు. చివరిదాకా వచ్చి తప్పిపోయిన ఇలాంటివాటిని మంచి ఆసుపత్రులు శిక్షించడానికి కాదు, మళ్లీ జరగకుండా చూసుకోవడానికి రాసి పెట్టుకుంటాయి. మే 12 ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజని కేక్ కోస్తాం, ఆమె దీపం గురించి మాట్లాడతాం గానీ ఆమె అసలు లెక్కలు రాసిన మనిషి. యుద్ధంలో సైనికులు ఎంతమంది గాయాలతో పోయారు, ఎంతమంది ఆసుపత్రి మురికి వల్ల పోయారు అని అంకెలేసి చూపించాకే పెద్దవాళ్లు కదిలారు. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో చేరిన మొదటి ఆడమనిషి కూడా ఆమే. షీల్డ్ తీసుకున్నారు కాబట్టి ఆ అలవాటు కూడా కొంచెం తీసుకోండి అంటా.

అయితే ఒక వరస ఉంది, దాన్ని తిప్పకండి. ముందు ఆ అమ్మాయి, తర్వాతే ఇన్‌ఛార్జి.

ఆ అమ్మాయితో వార్డులో వద్దు, ఫోన్‌లో అసలు వద్దు, వాట్సాప్‌లో పువ్వుల బొమ్మ పెడితే నేను మీతో మాట్లాడను. పొద్దున డ్యూటీ దిగేటప్పుడు హ్యాండోవర్ అయ్యాక బయట టీ బంకు దగ్గరికి పిలవండి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "ఏప్రిల్‌లో ఆ రాత్రి నువ్వు సీసా చూడకపోతే నేను 50 యూనిట్లు వేసేదాన్ని. తాళం అని చెప్పి నన్ను పక్కకి తీసుకుపోయావు, పేషెంటు ముందు నా పరువు తీయలేదు. నాకు సిగ్గేసి నీతో మాట్లాడలేదు, డ్యూటీలు కూడా నేనే మార్పించా. నీ తప్పేం లేదు" అనండి. "నువ్వు చాలా మంచిదానివి" అనే మాట మాత్రం వద్దు, అది ఎవరికైనా ఎవరైనా అనొచ్చు. సీసా, తాళం, 50, ఈ మూడు మాటలు మీ నోటి నుంచి రావాలి, అప్పుడే ఆమెకి తెలుస్తుంది మీరు నిజంగా చూశారని. డ్యూటీలు మార్పించింది మీరేనన్న మాట గొంతులో అడ్డం పడుతుంది, తెలుసు. అయినా అది మింగకండి, ఆమె ఇన్నాళ్లూ మోస్తున్న బరువు అదే.

సంగటి సంగతి కూడా ఉంది కదా. దానికి వేరే క్షమాపణ సభ పెట్టనక్కర్లేదు. ఏదో ఒక నైట్ ఆమె క్యారియర్ తీసినప్పుడు పక్కన కూర్చుని నాకూ ఒక ముద్ద పెట్టు అనండి. మిగతా సీనియర్లు చూస్తుండగా అనండి, అది ముఖ్యం. నవ్వినప్పుడు అందరి ముందే నవ్వారుగా.

తర్వాత ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గరికి. ఒక్కరే వెళ్లండి, ఖాళీ చేతులతో వెళ్లకుండా ఒక పరిష్కారం తీసుకుని వెళ్లండి: రెండు రంగుల మూతల సిరంజిలు ఒకే ట్రేలో ఉండకూడదు, పేషెంట్లు ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా మీద 40దా 100దా అని పెద్దగా కనిపించేలా స్టిక్కర్ అంటించాలి, ఇన్సులిన్ లాగాక ఇంకో సిస్టర్‌కి చూపించాకే వేయాలి. రక్తం ఎక్కించేటప్పుడు బ్యాగ్‌ని ఇద్దరు చూస్తారు కదా, అలాగే. ఆ మాటలోనే "ఇది నాకు జరిగింది, ఫలానా అమ్మాయి పట్టుకుంది" అని చెప్పండి. నా అనుభవంలో తప్పు చెప్పడానికి వచ్చినవాళ్ల మీద కంటే, తప్పు ఇంకొకరి నోటి ద్వారా బయటపడినవాళ్ల మీదే పైవాళ్లకి ఎక్కువ కోపం వస్తుంది. మీ ఆయనకి ఈ వాక్యం చదివి వినిపించండి.

ఇంకోటి, మీకు పైసా ఖర్చు లేనిది. ఆమె గురించి ఒక కాగితం రాసివ్వండి, సూపరింటెండెంట్ పేరున, ఇన్‌ఛార్జి ద్వారా. అర పేజీ చాలు, పేషెంటు పేరు లేకుండా, ఏం చూసింది, ఏం చేసింది, దానివల్ల ఏం తప్పింది. రెగ్యులర్ సిస్టర్‌కి అలాంటి కాగితం ఫైల్లో ఒక కాగితం మాత్రమే, కాంట్రాక్టు అమ్మాయికి రెన్యువల్ టైమ్‌లో అది చేతిలో ఉన్న ఆధారం. మీరు కొనబోయే చీర కంటే ఎక్కువ రోజులు మన్నుతుంది. షీల్డ్ తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టే సినిమా సీన్ మాత్రం చేయకండి, పాపం ఆ పిల్ల దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక చస్తుంది.

చీర కొనాలనిపిస్తే సంక్రాంతికి కొనండి, అక్క చెల్లెలికి పెట్టినట్టు. ఇప్పుడు కొంటే అది బాకీ తీర్చినట్టుంటుంది. ఈ బాకీ అలా తీరేది కాదు కూడా. మీరు నెల్లూరు మనిషి, మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు చూసే ఉంటారు. బారాషహీద్ దర్గా దగ్గర నీళ్లలో నిలబడి ఆరోగ్యం రొట్టె అనో ఉద్యోగం రొట్టె అనో ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ల చేతి నుంచి తీసుకుంటాం, కోరిక తీరితే మరుసటేడు వచ్చి రొట్టె వదులుతాం, ఇచ్చిన మనిషి కోసం మాత్రం వెతకం, ఆ రోజు ఆ రొట్టె కోసం ఎవరు చెయ్యి చాపితే వాళ్లకే. రేపు మీ వార్డులో కొత్తగా చేరిన ఏ పిల్లో పొరపాటుగా సిరంజి తీస్తే మీకూ ఒక తాళం కావాలి. అప్పటికి ఆ తాళం మీ దగ్గర ఉంటే చాలు.

ఇదంతా చెప్పాక ఆమె "దానిదేముందిలే అక్కా, మీరైనా చేసేవాళ్లే కదా" అంటుంది, తొంభై పాళ్లు అదే అంటుంది. అప్పుడు కాదు కాదని వాదనకి దిగకండి, కళ్లనీళ్లు పెట్టుకుని ఆ పిల్లని కంగారు పెట్టకండి. టీ చల్లారకముందే తాగేసి, వచ్చే నెల చార్టులో మన ఇద్దరికీ కలిపి నైట్లు వేయమని నేనే ఇన్‌ఛార్జికి చెప్తున్నా అని చెప్పి బస్సెక్కండి.