చుక్కలా కనిపించే గ్రహశకలాన్ని కొలిచేదెలా?

ప్రశ్న: టెలిస్కోప్‌లో చూసినా గ్రహశకలం చుక్కలాగే ఉంటుందట. మరి దాని సైజు, ఆకారం ఇక్కడి నుంచే ఎలా చెబుతున్నారు?
– ఇంటర్ విద్యార్థిని, రాజోలు

జవాబు: చిలీలోని వీఎల్‌టీ లాంటి భారీ టెలిస్కోప్‌లకు కొన్ని పెద్ద శకలాల రూపం తెలుస్తుందమ్మా. సుమారు 270 కిలోమీటర్ల పొడవున్న క్లియోపాత్రా అనే శకలం రెండు చివర్లా ఉబ్బి, నడుమ సన్నగా ఉంటుందని అలాగే స్పష్టంగా చూశారు. మిగతావి చాలావరకు చుక్కలే. వెలుగు చూసి సైజు చెబుదామంటే, నల్లటి పెద్ద రాయీ తెల్లటి చిన్న రాయీ ఒకేలా మెరవచ్చు. ఆ వెలుగు క్రమం తప్పకుండా పెరుగుతూ తగ్గుతూ ఉంటే మాత్రం, పొడవాటి రాయి గిర్రున తిరుగుతోందని ఊహించవచ్చు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి నీడను కొలవడం. శకలం ఒక నక్షత్రానికి అడ్డొస్తే దాని నీడ మన నేల మీదుగా పరుగెడుతుంది. నక్షత్రం ఎంతో దూరాన ఉంది కాబట్టి నీడ సైజూ శకలం సైజూ దాదాపు ఒకటే. ఉదాహరణకు, ఆ నీడ సెకనుకు 15 కిలోమీటర్ల వేగంతో పడమర నుంచి తూర్పుకు మన గోదావరి డెల్టాను దాటిందనుకో. రాజోలులో నీకు నక్షత్రం 6 సెకన్లు మాయమైంది, అంటే అక్కడ శకలం వెడల్పు 90 కిలోమీటర్లు. దానికి ఉత్తరాన ఉన్న రావులపాలెంలో 4 సెకన్లే, అంటే 60 కిలోమీటర్లు. ఇంకా ఉత్తరాన ఉన్న రాజమండ్రిలో అసలు మాయం కాలేదు. అంటే శకలం ఉత్తరపు అంచు రావులపాలెం, రాజమండ్రి మధ్యే ఉంది! చూడు, ఏమీ జరగని ఊరి కబురు కూడా ఎంత విలువైనదో. మనకున్న చిక్కల్లా దక్షిణం వైపు త్వరగా సముద్రం వచ్చేయడమే. అటు కొలిచేవాళ్లు ఉండరు.

2017 జులైలో అర్జెంటీనాలో 24 టెలిస్కోప్‌లు వరసగా పెట్టి, దాదాపు 650 కోట్ల కిలోమీటర్ల దూరంలో, ప్లూటోకు ఆవల ఉన్న అరోకోత్ అనే చిన్న శకలం నీడను పట్టారు. నక్షత్రం మాయమైంది 5 చోట్లే. అయినా అది రెండు ముద్దలు అతుక్కున్న రూపమై ఉండవచ్చని తేలింది. 2019 జనవరి 1న నాసా వారి న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక దగ్గరికెళ్లి తీసిన ఫొటోల్లో అచ్చం అలాగే ఉంది! నీడను పట్టిన ఆ రాత్రి కోసం అర్జెంటీనావాళ్లు హైవే మూసేశారు, వీధిలైట్లు ఆర్పేశారు. మన దగ్గర చెరువుల గట్ల మీది లైట్లు కాసేపు ఆర్పమని రైతుల్ని అడిగితే కాదనరని నా నమ్మకం.

నువ్వూ చేయవచ్చు. ఏ రాత్రి ఏ ఊరి మీదుగా నీడ వెళ్తుందో ఐఓటీఏ అనే అంతర్జాతీయ సంఘం ముందే చెబుతుంది. కాస్త వెలుగున్న నక్షత్రమైతే చిన్న టెలిస్కోప్, దానికి కెమెరా చాలు. టైమ్ మాత్రం జీపీఎస్‌ది వాడు, ఒక్క సెకను తేడా వస్తే 15 కిలోమీటర్లు తప్పుతుంది. పుష్య మాసం మంచులో ప్రయత్నించకు, మాఘం దాటాక చూడు. నక్షత్రం ఆరకపోయినా ఆ సంగతి వాళ్లకు రాసి పంపు.