మూడు నెలల పొమెరేనియన్ హాల్లో తడుపుతోంది, కొట్టినా మానడం లేదు. ఏం చేయాలి?

మీ కుక్కపిల్ల రోజూ హాల్లోనే మూత్రం పోస్తోందని, మెడ పట్టుకుని ముక్కు అక్కడ రుద్దినా, కర్రతో బెదిరించినా మానడం లేదని రాశారు. దయచేసి ఆ రెండూ ఈ రోజే ఆపేయండి. మా కుక్కపిల్ల చిట్టిని తెచ్చిన మొదటి వారంలో నేనూ అదే తప్పు చేశాను. దానివల్ల అది నేర్చుకున్నది ఒక్కటే, మనుషులు చూస్తుండగా పోయకూడదని. ఆ తర్వాత సోఫా వెనక, బీరువా సందులో పోయడం మొదలుపెట్టింది. బాల్కనీలోకి తీసుకెళ్తే నా ముఖం చూస్తూ బిగబట్టుకుని కూర్చునేది, లోపలికి రాగానే సందులోకి దూరేది. ఆ బెరుకు పోగొట్టడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

ఈ వయసు పిల్ల ఎంత ఆపుకున్నా మూడు గంటలే. చిన్న జాతులకు మూత్రాశయం కూడా చిన్నది కాబట్టి అంతసేపు కూడా నమ్మవద్దు. ఆటలో ఉంటే అరగంటకే వస్తుంది. నిద్ర లేవగానే, తిన్న పది ఇరవై నిమిషాల్లో, ఆట మధ్యలో, పడుకోబోయే ముందు తప్పకుండా తీసుకెళ్ళాలి. తిండి వేళకు పెడితే రెంటికి వెళ్ళేదీ వేళకే ఉంటుంది, గిన్నె రోజంతా నింపి ఉంచవద్దు.

మాది బెజవాడ సత్యనారాయణపురంలో మూడో అంతస్తు. టీకాలు పూర్తయ్యేదాకా దాన్ని వీధిలోకి దింపలేదు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. అందుకే బాల్కనీ మూలలో వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో నర్సరీ నుంచి తెచ్చిన గడ్డి పరిచాను. కాలికి గడ్డి తగలడం అలవాటైతే తర్వాత బయట గడ్డి మీద కూడా సులువుగా వెళ్తుంది.

అది చెప్పే సంగతి ఒకటి గమనించండి. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి బొమ్మను వదిలేస్తుంది. ముక్కు నేలకు ఆనించి ఒకే చోట రెండు చుట్లు తిరుగుతుంది, వెనక కాళ్ళు కొంచెం వంగుతాయి. ఇక ఉన్నది మూడు నాలుగు సెకన్లే. అరవకుండా ఎత్తుకుని ట్రేలో దించండి. పని పూర్తయిన మరుక్షణమే, అక్కడే, మెచ్చుకుంటూ చిన్న ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. వంటింటికి వెళ్ళి తెచ్చి పెడితే ఆ ముక్క దేనికో దానికి అర్థం కాదు. డబ్బా బాల్కనీ గూట్లోనే ఉంచండి.

తడిపిన చోటును ఫినాయిల్‌తో తుడిస్తే వాసన మన ముక్కుకు పోతుంది కానీ దానికి పోదు. పైగా తడి ఫినాయిల్ పాదాలకు అంటితే నాకేస్తుంది. పెంపుడు జంతువుల దుకాణాల్లో మూత్రం వాసనను విరిచే ఎంజైమ్ ద్రావణం దొరుకుతుంది, అది వాడండి. అమ్మోనియా కలిసినవి అసలు వద్దు, వాటి వాసన మూత్రం వాసనలాగే ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్ళ బాధను కూడా తేలిగ్గా తీసుకోకండి. చిట్టి దేవుడి గది గుమ్మంలో తడిపిన రోజు మా అత్తయ్యగారు కంట నీళ్ళు పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే ఆ గదికి అడ్డంగా చిన్న తడక కట్టాను. నేను చూడలేని వేళల్లో చిట్టిని నా కుర్చీకి పొట్టి తాడుతో కట్టుకునేదాన్ని. ఇల్లంతా ఒక్కసారే వదలవద్దు, ఒక గదిలో వారం రోజులు తడపకుండా ఉంటే రెండో గది తెరవండి. నాలుగో నెలకు అత్తయ్యగారే తెల్లవారుజామున "పద చిట్టీ" అని తలుపు తీసేవారు.

నేర్చుకున్న పిల్ల మళ్ళీ తడిపితే మొండితనం అనుకోకండి, కారణం వెతకండి. ఒక మే నెలలో చిట్టి నాలుగు గంటలకు బాల్కనీ గడప దాకా వచ్చి, అక్కడే పోసి, తల దించుకుని నిలబడింది. కోపం వచ్చింది కానీ, వంగి బయటి గచ్చు మీద అరచేయి పెట్టి చూశాను. మూడు లెక్కపెట్టేలోపు తీసేశాను. బెజవాడ ఎండలో ఆ చిన్న పాదాలు ఎలా మోపుతుంది? గడప నుంచి ట్రే దాకా తడి గోనెసంచి పరిచాను, ఆ రోజు నుంచి మళ్ళీ ట్రేలోకే వెళ్ళింది. అలాంటి కారణమేదీ కనిపించకుండా మాటిమాటికీ కూర్చుని నాలుగు చుక్కలే పోస్తున్నా, పోసేటప్పుడు మూలిగినా, రక్తం కనిపించినా అది మూత్రనాళ ఇన్ఫెక్షన్ కావచ్చు. అదే రోజు పశువైద్యుడికి చూపించండి.