ఫ్లీట్‌వుడ్ మ్యాక్ ‘డ్రీమ్స్’ పాటను విడిపోయిన జంట కలిసి రాసిందా?

లేదు, ‘డ్రీమ్స్’ పాటను ఆ రాక్ బృందం గాయని స్టీవీ నిక్స్ ఒక్కరే రాశారు. ఆమెతో తెగతెంపులైన గిటారిస్టు లిండ్సే బకింగ్‌హామ్ దాని వాద్య కూర్పును తీర్చిదిద్దారు. 1976లో కాలిఫోర్నియాలోని సాసలిటోలో ‘రూమర్స్’ ఆల్బమ్ రికార్డింగ్ సాగుతుండగా, ఆమె అదే స్టూడియోలోని మరో గదిలో కీబోర్డు ముందు కూర్చుని కొద్ది నిమిషాల్లోనే ఈ పాట కట్టారు.

పాట దాదాపు మొత్తం ఎఫ్, జి అనే రెండు కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుచ్ఛాల) మీదే నడుస్తుంది కనుక విసుగు పుట్టే ప్రమాదం ఉండేది. డ్రమ్స్, బేస్ గిటార్ చివరిదాకా ఒకే నిలకడతో సాగుతుంటే, వాటిపై గిటార్ పలుకులూ జోడు గొంతులూ చరణానికీ పల్లవికీ వేర్వేరు రంగులు అద్దాయి. పాట అసలు బలం ఆ కూర్పులోనే ఉంది. మాటల్లో నింద కంటే నిబ్బరం ఎక్కువ. అదే ఎడబాటుపై బకింగ్‌హామ్ రాసిన ‘గో యువర్ ఓన్ వే’ నేరుగా నిలదీస్తుంది. అది అమెరికాలో ఆదరణ పొందిన పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో 10వ స్థానం దాకా వెళ్లగా, ‘డ్రీమ్స్’ 1977 జూన్‌లో మొదటి స్థానానికి చేరింది. అక్కడ ఆ బృందానికి దక్కిన ఏకైక మొదటి స్థానం అదే.

వీరిద్దరూ విడాకులు తీసుకున్న భార్యాభర్తలని చాలామంది పొరబడుతుంటారు. నిజానికి వారికి పెళ్లి కాలేదు. ఆ బృందంలో విడిపోయిన దంపతులు జాన్ మెక్‌వీ, క్రిస్టీన్ మెక్‌వీ.