ఆ రూ.9,600 ఏ పళ్లకు పెట్టాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని, మావారికి స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. ఇద్దరికీ కలిపి నెలకు రూ.45 వేలు వస్తాయి. నిరుడు మా పాప (11 ఏళ్లు) దవడ పన్ను ఒకటి పిప్పి పన్నైతే రూట్ కెనాల్, క్యాప్ కలిపి రూ.11,500 అయ్యింది. ఇప్పుడు బాబుకి (7 ఏళ్లు) పళ్లు పుచ్చకుండా ముందే సీలెంట్లు (పళ్ల పైభాగంలో వేసే రక్షణ పూత) వేయించమంటున్నారు డాక్టర్. పన్నుకు రూ.1,200 చొప్పున 8 పళ్లకు రూ.9,600. ఈఎంఐ కూడా ఉందట. బాగున్న పళ్లకు ఇంత పెట్టాలా? ఆ డబ్బు చిట్టీలో వేసుకుంటే నయం కదా? – ఒక పాఠకురాలు

జవాబు: నిరుటి బిల్లు ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండమ్మా. ఆ రూ.11,500 ఒక్క పన్నుకే అయ్యింది. ఇప్పుడు అడుగుతున్నది 8 పళ్లకు కలిపి దానికంటే తక్కువే. చిట్టీలో రూ.9,600 వేస్తే ఏడాదికి మహా అయితే కొన్ని వందలు మిగులుతాయి. ఒక్క రూట్ కెనాల్ తప్పినా ఆ లాభం దీని ముందు లెక్కలోకి రాదు. కాబట్టి సీలెంట్లు వేయించండి. కానీ ఆ 8 పళ్లు ఏవో ముందు అడగండి.

ఏడేళ్ల పిల్లాడికి సాధారణంగా ఉండే శాశ్వత దవడ పళ్లు నాలుగే. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక వస్తాయి, జీవితాంతం ఉండాల్సినవి. మిగతా నాలుగు పాలపళ్లే అయ్యుండాలి, పదీ పన్నెండేళ్ల వయసులో అవి ఊడిపోతాయి. పుచ్చే ప్రమాదం బాగా ఉన్న పిల్లలకు పాలపళ్లకూ వేస్తారు, అది డాక్టర్ చెప్పాల్సిన మాట. బాబుకి ఆ అవసరం ఎందుకుందో గట్టిగా కారణం చెబితే సరే. లేదంటే ఇప్పుడు శాశ్వత పళ్లకు రూ.4,800 మాత్రమే పెట్టండి.

మిగిలిన రూ.4,800 పాపది. ఆమెకు 12 ఏళ్లప్పుడు వెనక ఇంకో నాలుగు దవడ పళ్లు వస్తాయి, అంటే దాదాపు ఏడాదిలోపే. మీ ఉత్తరంలో వాటి ప్రస్తావనే లేదు, నాకు ఎక్కువ టెన్షన్ అనిపించింది అక్కడే. ఒక పన్ను ఇప్పటికే పోగొట్టుకున్నంత పనైన పిల్లకు కొత్త పళ్లను కాపాడటం ముందు. నెలకు రూ.400 బ్యాంకులో ఏడాది ఆర్డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి, 12 నెలలకు ఆ నాలుగు పళ్ల ఖర్చు చేతిలో ఉంటుంది. ఈఎంఐ వద్దు. ఇంత చిన్న మొత్తానికి ప్రాసెసింగ్ ఫీజు కట్టడం అనవసరం.

ఇది ఎంతవరకు పనిచేస్తుందో కూడా తెలిసి ఖర్చు పెట్టాలి. వెనక పళ్లలో పుచ్చును సీలెంట్లు రెండేళ్ల పాటు 80 శాతం వరకు, నాలుగేళ్ల దాకా 50 శాతం వరకు ఆపుతాయని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. పన్ను పైభాగంలో బ్రష్ అందని సన్నని గాడులను పూత మూసేస్తుంది, అంతే. రెండు పళ్ల మధ్య సందులో పుచ్చితే ఇది ఆపలేదు. వేయడానికి డ్రిల్లింగ్ ఉండదు, ఇంజెక్షన్ ఉండదు. పన్ను శుభ్రం చేసి, పూత పూసి, లైటుతో గట్టిపరుస్తారు. కొన్నాళ్లకు ఊడొచ్చు. ఊడితే మళ్లీ ఉచితంగా వేస్తారా, ఎన్నాళ్ల వరకు అన్నది డబ్బు కట్టే ముందే బిల్లు మీద రాయించుకోండి. రూ.1,200 ధర సబబా కాదా అన్నది దీన్ని బట్టే ఉంటుంది.

హెల్త్ ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మన దగ్గర మామూలు పాలసీలు ప్రమాదంలో దెబ్బతిన్న పళ్లకు తప్ప పళ్ల చికిత్సకు డబ్బివ్వవు. అవుట్‌పేషెంట్ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే చికిత్సకు) విడిగా తీసుకుని ఉంటే మాత్రం ఒకసారి చూసుకోండి. చికిత్స కాబట్టి బిల్లు మీద జీఎస్టీ కూడా పడకూడదు.

ఖర్చు ఇంకా తగ్గాలంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రి ఉంది. కానీ నలుగురూ హనుమకొండ నుంచి వెళ్లిరావాలంటే బస్సు ఛార్జీలు, మీ జీతం కోత, ఒకరోజు షాపు మూత కూడా కలిపి చూడండి. మీ చుట్టుపక్కల ప్రైవేట్ డెంటల్ కాలేజీ ఏదైనా ఉంటే అక్కడి పిల్లల దంత విభాగంలో ముందు అడగండి, క్లినిక్ కంటే బాగా తక్కువకే చేస్తారు. బాబును తీసుకెళ్లిన రోజే పాపనూ తీసుకెళ్లి, మిగతా మూడు పాత దవడ పళ్లు ఎలా ఉన్నాయో చూపించండి.